రోజుకి నూటయాభై

గేటుకి బోర్డు లేదు. అక్కర్లేదు.
అగనంపూడి జంక్షన్లో దిగినవాళ్ళ చేతిలో
మడత పడకూడని పెద్ద కవరు కనిపిస్తే
ఆటో ఎరుకునాయుడు ఇటే తిప్పుతాడు.

నాలుగు గదులు. రోజుకి నూటయాభై.
గ్యాసుకి ఇరవై వేరే.
నవారు మంచం రోగికి, చాప తోడొచ్చినవాళ్ళకి.
బకెట్ల మీద నంబర్లు వేశాను గానీ
మనుషుల్ని ఊరిపేరుతోనే పిలుస్తాను:
పాడేరూ, నీళ్ళొచ్చాయి.
సాలూరూ, నీ పాలు పొంగిపోతున్నాయి.
మూడు జిల్లాలు నా పంపు దగ్గర
బిందెలు పట్టుకుని నిలబడతాయి.

సోంపేట అంటే దాలమ్మ.
నిప్పు వైపు నోట్లో పెట్టుకుని
నలభై ఏళ్ళు అడ్డపొగ కాల్చింది,
ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోకుండా.
ఇప్పుడు అంగిట్లో పుండు.
ఊళ్ళో డాక్టరు టార్చి వేసి చూసి
చాలాసేపు టార్చి ఆర్పలేదట.
"ఒకప్పుడైతే నేనే కోసేవాణ్ణి తల్లీ,
ఏడాదికి ఇద్దరికో ముగ్గురికో.
అందుకే ఇప్పుడు కొయ్యను."
అదేం మాటో దాలమ్మకి తెలీలేదు.
నాకు తెలిసింది.

నా ఎడమ చెయ్యి చూడండి.
పందొమ్మిదేళ్ళ కిందట, నర్సీపట్నంలో,
మా ఇంటికి రెండు వీధుల అవతల కోశారు నన్ను.
అత్త తెచ్చిన కేరేజీ మూత తీస్తే
చారు ఇంకా పొగలు కక్కేది.
వీధి వీధంతా నా మంచం చుట్టూ.
డాక్టరుగారు దేవుడులాంటి మనిషి,
ఆ ఏడాదికి నేను రెండోదాన్ని.
తియ్యాల్సింది కొంత లోపలే ఉండిపోయింది.
మళ్ళీ ఇక్కడికొచ్చి కోయించుకున్నాను.
చెయ్యి ఆ ఊదడం ఊదడమే,
గాజులన్నీ కుడిచేతికే.

ఇక్కడి డాక్టరమ్మ రోజుకి ముగ్గుర్ని కోస్తుంది.
కరెంటు పోయినా మెట్లు నా కాళ్ళకి తెలిసినట్టు
లోపలి దారులు ఆమె వేళ్ళకి తెలుసు.
ఒట్టు, నాకెవరైనా మళ్ళీ కొయ్యాలంటే
ఆ వేళ్ళే కావాలి.

కానీ కత్తి ఇక్కడ, కూడు అక్కడ.

కోత కార్డు మీద పోయింది.
ఆడబిడ్డ లచ్చుము మానుకున్న కూలికి,
దువ్వాడ దాకా రైలుకి,
నా నూటయాభైకి
ఏ కార్డూ లేదు.

పాడేరు గది చెప్పకుండానే ఖాళీ అయింది.
ముప్ఫై కరెంట్లు పెట్టాలన్నారు, పదకొండు అయ్యాయి.
రాజ్‌మా కోతకొచ్చిందని ఫోనొచ్చినప్పటి నుంచీ
పాంగి దొంబు అన్నం సరిగ్గా తినలేదు.
పొద్దున్న చూస్తే బోర్లించిన బకెట్టు,
దాని కింద మూడు వందలు,
లెక్కకి ఒక్క రూపాయి తక్కువ లేదు.
ఆ డబ్బు ఇంకా గూట్లోనే ఉంది.
ఎందుకు దాచానో అడక్కండి.

కోశాక దాలమ్మ మాట ముక్కులోంచి వస్తోంది.
పైకప్పు లేని నోరు.
మూడు వారాలకి రమ్మన్నారు, పలక బిగిస్తారట,
తర్వాత సరిచెయ్యడానికి ఒకసారి,
మళ్ళీ ఇంకోసారి.
లచ్చుము వేళ్ళు మడిచి లెక్కేసుకుని
మడిచిన వేళ్ళు మళ్ళీ విప్పలేదు.

సాయంత్రం గోడవార కూర్చుని
సముద్రం ఎటని సైగ చేసింది దాలమ్మ.
స్టీలుప్లాంటు పొగ వైపు చూపించాను,
దాని వెనకాల, అప్పికొండ దగ్గర.
వినబడదా అని చెవి ముట్టుకుంది.
ఇక్కడికి షిఫ్టు సైరనే వినిపిస్తుంది.

వెళ్ళేరోజు గుమ్మంలో ఆగి
నా పేరేంటని అడిగింది.
పంతొమ్మిది రోజులున్నాక.
పారమ్మ, అన్నాను.
చాలా కష్టపడి, గొంతు నొక్కుకుని
పలికింది:
"మారమ్మ."

దిద్దలేదు.
ఎరుకునాయుడు హారన్ కొట్టాడు,
ఆటోలో అప్పుడే ఇంకో కవరు.